బలానికి వేసిన పట్టీ

వెల్డింగ్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆత్మకూరులో మా ఇంటికి వస్తే అడిగే మొదటి మాట ఒకటే: అతుకు ఊడకుండా ఉండాలంటే ఏం చేయాలి? ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను కాబట్టి తెలిసింది చెప్తాను. చెప్పాక ఇంకో సంగతి కూడా చెప్పి పంపుతాను. నా చేతి అతుకుల్లో చివరిదాకా ఊడనిది ఒకటి ఉంది. అది ఊడలేదు, దాని పక్కనున్న ఇనుము విరిగింది. ఒక మనిషి కాలు పోయింది, ఇంకో మనిషి కొలువు పోయింది. నాకు మాత్రం ఏమీ పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గద్వాల శివార్లలో పత్తి విత్తనాలు శుద్ధి చేసే ఫ్యాక్టరీ అది. నేను అక్కడ మెయింటెనెన్స్ మేస్త్రీని. పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి, జూరాల ఆనకట్ట దాటి, ఎనిమిదింటికల్లా గేటులో సంతకం పెట్టేవాణ్ని. ఊడిన బెల్టులు, అరిగిన బేరింగులు, పగిలిన జల్లెడలు నా పని. సీజను మొదలైతే వాటికి తోడు ట్రాలీల గొడవ వచ్చేది.

రైతులు విత్తనం సంచులు ట్రాక్టర్లలో తెచ్చేవారు. దించుకునేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. ట్రాలీని ఆవరణలో విప్పేసి, ఒట్టి ఇంజను తీసుకుని ఇంకో ట్రాలీ కోసం వెళ్లిపోయేవారు. మధ్యాహ్నమయ్యేసరికి కాటా ముందు, షెడ్డు ముందు అడ్డదిడ్డంగా ట్రాలీలే. వాటిని జరపడానికి ట్రాక్టర్ లేదు. పదిమంది హమాలీలు భుజం పెట్టి తోసేవారు. అది కుదరనప్పుడు ఫోర్క్‌లిఫ్ట్‌ను పిలిచేవారు.

ప్యాలెట్ల మీద పేర్చిన సంచులను ఎత్తి షెడ్డులో పెట్టే బండి అది. ముందు రెండు ఉక్కు ఫోర్కులు. ఒక్కొక్కటీ మనిషి కాలు లాంటిది: నిలువుగా పిక్క, కింద మడమ, ముందుకు చాచిన పాదం. ఆ పాదానికి గొలుసు చుట్టి, ట్రాలీ మూతికున్న ఇనుప కన్నులోంచి గొలుసు దూర్చి లాగేవారు. రెండుసార్లు గొలుసు జారింది. రెండోసారి ట్రాలీ వెళ్లి కాటా గదికి గుద్దుకుంది. కిటికీ అద్దం పోయింది. మేనేజర్‌కు కోపం వచ్చింది.

"మేస్త్రీ, ఈ గొలుసుల గోల ఇక వద్దు. ఫోర్కుకే హుక్కు పెట్టు. ప్యాలెట్లు ఎత్తేటప్పుడు తీయడం, ట్రాలీ లాగేటప్పుడు తగిలించడం, అంత తీరిక మనకు లేదు. పర్మనెంటుగా ఉండాలి."

ఆ సాయంత్రమే ఉపాయం తోచింది. కుడి ఫోర్కు కొసన రంధ్రం చేస్తే ట్రాలీ కన్ను దాని మీద కూర్చుంటుంది, పైనుంచి పిన్ను దించితే సరి. కాకపోతే ఫోర్కు కొస పలచగా ఉంటుంది. రంధ్రం పడితే ఇంకా బలహీనపడుతుంది. అందుకని దాని అడుగున ఒక ఇనుప పట్టీ వేసి, కొస నుంచి మడమ దాకా రెండు వైపులా వెల్డింగ్ చేద్దామనుకున్నాను.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతను కోడేరు వాడు. నాకంటే పదేళ్లు చిన్న. ముంబై గోదాముల్లో చాలా కాలం బండి నడిపి, తల్లికి జబ్బు చేస్తే ఇటు వచ్చేశాడు. మాట తక్కువ. పొద్దున బండి ఎక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు, టైర్లు తట్టేవాడు, ఫోర్కుల మడమల దగ్గర వంగి గుడ్డతో తుడిచి చూసేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. "ఎద్దుకు మొక్కినట్టు మొక్కుతుండురా బండికి" అని ఒకరితో ఒకరం అనుకునేవాళ్లం.

నేను డ్రిల్లింగ్ మిషన్ తెచ్చేసరికి బండి దిగి వచ్చాడు.

"అన్నా, ఒక మాట చెప్త, తప్పు పట్టకు. ఫోర్కుకు రంధ్రం కొట్టొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు. ముంబైల మా దగ్గర గోడకే రాసి పెట్టిండ్రు."

"ఎందుకట?"

"అది కాల్చి నీళ్లు తాపిన ఉక్కంట. మల్ల నిప్పు తగిల్తే పెళుసైతదంట. నాకు గంతే ఎర్క."

అతను చెప్పింది అక్షరాలా నిజం. నాకూ తెలియనిది కాదు. గొడ్డలికి పదును పెట్టే కమ్మరికి కూడా తెలిసిన సంగతే. కానీ పక్కన ఆరుగురు హమాలీలు నిలబడి వింటున్నారు. ముప్పై ఏళ్ల మేస్త్రీకి బండి నడిపేవాడు ఇనుము గురించి చెప్తున్నాడు.

"తమ్మీ, నువ్వు బండి నడుపు. ఇనుము సంగతి నాకిడిసిపెట్టు. పట్టీ ఏస్తున్న గద, ఉన్నదానికంటే బలమే అయితది" అన్నాను.

అతను గుడ్డ భుజాన వేసుకుని పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

చాలా శ్రద్ధగా చేశాను ఆ పని. గ్రైండింగ్ చేసి రంగు వేస్తే ఫోర్కు అలాగే పుట్టిందేమో అన్నట్టుంది. మొదటి రోజు నాలుగు ట్రాలీలు జరిపాం. మేనేజర్ వచ్చి నా వీపు తట్టాడు. హమాలీలు పిన్ను వేయడం, తీయడం ఒక్క రోజులో నేర్చుకున్నారు. వాళ్లలో పెద్దమందడి నుంచి వచ్చిన ఒకాయన ఆ పనిని తన సొంతం చేసుకున్నాడు. సీజనంతా భార్యతో కలిసి ఫ్యాక్టరీ పక్క రేకుల గదిలో ఉండేవాడు. ఇద్దరూ ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి వచ్చాకే సంచి ముట్టేవారు. పిన్ను దించి, అరచేత్తో దాని తల మీద రెండుసార్లు కొట్టి, "పో!" అని అరిచేవాడు. ఆ కేక ఆవరణంతా వినిపించేది.

ఒకటిన్నర నెల అలా నడిచింది. ఆ ఫోర్కులే రోజంతా టన్ను బరువు ప్యాలెట్లను ఎత్తేవి, దించేవి. మధ్యమధ్య ట్రాలీలను లాగేవి. మొదట్లో ఖాళీ ట్రాలీలే జరిపేవాళ్లం. తర్వాత సగం లోడు ఉన్నవి, ఆ తర్వాత నిండువి. ఎవరూ నిర్ణయించలేదు. అలా అలవాటైపోయింది. కోడేరు అతను మాత్రం అప్పటికీ పొద్దున్నే వంగి మడమలు చూసేవాడు. కాని ఆ ఫోర్కు అడుగున నా పట్టీ ఉంది, పట్టీ మీద నా రంగు ఉంది. లోపల ఏం జరుగుతోందో అతనికి కనిపించే వీలు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత. కాటా దగ్గర రెండు చక్రాల ట్రాలీ ఒకటి, ముందు భాగాన సంచులు ఎక్కువ పేర్చి ఉంది. అంటే బరువంతా మూతి మీదే. దాన్ని షెడ్డు ముందుకు తెచ్చి ఆపారు. నేను పది అడుగుల దూరంలో జల్లెడ ఫ్రేము విప్పుతున్నాను. పెద్దమందడి ఆయన చక్రాల కింద రాళ్లు పెట్టి, పిన్ను తీయడానికి వంగాడు. పిన్ను బిగుసుకుంది.

"రాదే ఇది! జర లేపన్నా, జరంత!" అని చెయ్యి ఊపాడు.

కోడేరు అతను ఫోర్కును బెత్తెడు లేపాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. ఎండిన కట్టె విరిచినట్టు టప్పుమంది. ఫోర్కు మడమ దగ్గర విరిగి, ట్రాలీ మూతితో సహా కిందపడింది. ఆయన ఎడమకాలు దాని కింద ఉంది.

ఆయన అరవలేదు. ఒక్క క్షణం తన కాలు వైపు ఆశ్చర్యంగా చూశాడు. అరిచింది భార్య. సంచులు కుట్టే దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. కోడేరు అతను బండి మీంచి దూకి, ఒంటిచేత్తో ట్రాలీని ఎత్తడానికి చూస్తున్నాడు. అది ఒక మనిషి ఎత్తగలిగేది కాదని అతనికంటే బాగా తెలిసినవాడు అక్కడ లేడు. అయినా ఎత్తుతూనే ఉన్నాడు. నేను జాకీ తెచ్చాను. అందరం కలిసి కాలు బయటికి తీశాం. గద్వాల దవాఖానలో కట్టు కట్టి కర్నూలుకు పంపారు. అక్కడ మోకాలి కింద తీసేశారు.

మర్నాడు పాత ఇనుము కుప్పలో విరిగిన ముక్క కనిపించింది. మేనేజర్ దాన్ని రాత్రికి రాత్రే అక్కడికి చేర్పించి, బండికి కొత్త ఫోర్కులు బిగించమన్నాడు. నేను ముక్కను తిప్పి చూశాను. విరిగిన ముఖం మీద రెండు రంగులున్నాయి. ఎక్కువ భాగం చక్కెర పలుకుల్లా తళతళలాడుతోంది. అది నిన్న విరిగింది. నా పట్టీ వైపు అంచున మాత్రం నాలుగు వేళ్ల మేర నల్లగా, తుప్పు పట్టి ఉంది. అది చాలా రోజుల కింద విరిగింది. నా వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాన్ని ఆనుకుని ఉన్న ఉక్కు, నేను కాల్చిన చోట, రోజుకింత పగులుతూ వచ్చింది. నేను బలం పెట్టాననుకున్న చోటే.

ఆ ముక్కను మళ్లీ బోర్లా పెట్టి వచ్చేశాను.

వారం తర్వాత ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చాడు. మేనేజర్ గదిలో అందరం నిలబడ్డాం. అధికారి ముందుగా కోడేరు అతన్ని అడిగాడు. అతను తల ఎత్తకుండా చెప్పాడు.

"ఆయన వంగినప్పుడు నేను లేపిన సార్. మనిషి కింద ఉన్నప్పుడు లేపొద్దు. అది నాకు ఎర్కనే. లేపిన."

మేనేజర్ ఆ మాటను వెంటనే అందుకున్నాడు. డ్రైవర్ అజాగ్రత్త అన్నాడు. అధికారి నా వైపు తిరిగాడు.

"మేస్త్రీ మీరే కదా? ఆ ఫోర్కు ఎలా ఉండేది?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కోడేరు అతను అప్పుడు తల ఎత్తి నా వైపు చూశాడు. బతిమాలినట్టూ లేదు, బెదిరించినట్టూ లేదు. నా మాట కోసం ఆగాడు, అంతే. నాకు రిటైర్మెంట్ ఐదు నెలల్లో ఉంది. ఇన్నేళ్లలో నా పని మీద ఒక్క మచ్చ లేదు.

"పాతదే సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. ఫోర్కు పాతదే. ఇన్నేళ్లలో నేనాడిన అబద్ధాలన్నీ కలిపినా ఆ ఒక్క నిజమంత చెడ్డవి కావు. అధికారి రాసుకున్నాడు. మేనేజర్ చాయ్ తెప్పించాడు. మరుసటి సోమవారం నుంచి కోడేరు అతన్ని పనిలోకి రావద్దన్నారు.

ఆ తర్వాత నెల రోజులు ట్రాలీలు మళ్లీ గొలుసులతోనే జరిగాయి. కొత్తగా వచ్చిన డ్రైవర్ దూకుడు మనిషి. గొలుసు తగిలించడానికి వంగాలంటే హమాలీలు భయపడేవారు. మేనేజర్ ఒకరోజు పిలిచి, ఇంకో హుక్కు చేయమన్నాడు. సరే అని వచ్చాను గానీ చేతులు రాలేదు. వెల్డింగ్ రాడ్ పట్టుకుంటే ఆ రెండు రంగులే కనిపించేవి. మూడు రోజులు చూసి, సెలవు పెట్టి, వనపర్తిలో బస్సు మారి కోడేరు వెళ్లాను.

అతను కౌలుకు తీసుకున్న వేరుశనగ చేనులో గట్టు సరిచేస్తున్నాడు. నన్ను చూసి పార కింద పెట్టాడు. కూర్చోమనలేదు. నేనే గట్టు మీద కూర్చున్నాను. పట్టీ సంగతి, ముక్క సంగతి, అన్నీ చెప్పాను. ఎన్నో రోజులుగా లోపల కూడబెట్టుకున్న మాటలు కాబట్టి చాలాసేపు పట్టింది.

అంతా విని, "నువ్వే చెప్తవనుకున్న ఆ దినం" అన్నాడు.

"తప్పయింది తమ్మీ."

"నేను లేపింది కూడా తప్పే. నీది నీకు, నాది నాకు." చేతుల మట్టి దులుపుకుని అడిగాడు. "ఇప్పుడు ట్రాలీలు ఎట్ల జరుపుతుండ్రు?"

"గొలుసుతోనే."

"గొలుసుతోనా! పాడుగాను. ఇంకొకడు పోతడన్నా."

అని చేనులో ఉన్నవాడు ఉన్నట్టే గొంతుక్కూర్చున్నాడు. తడిమట్టి మీద పుల్లతో గీశాడు. రెండు ఫోర్కులు. వాటికి రెండు తొడుగులు, చేతికి చొక్కా తొడిగినట్టు. తొడుగులు రెండింటినీ ముందు ఒక మందపాటి ప్లేటుతో కలిపాడు. హుక్కు ఆ ప్లేటుకే, సరిగ్గా నడుమ, ఏ ఒక్క ఫోర్కు మీదా బరువు పడకుండా.

"ఎన్ని వెల్డింగులైనా తొడుగుకు పెట్టుకో. ఫోర్కుకు నిప్పు తగలొద్దు, రంధ్రం పడొద్దు. తొడుగు ముంగటికి జారకుండ మడమ ఎన్క అడ్డం పిన్ను దించు. పైనుంచి గొలుసు ఏసి బండికి కట్టు. పిన్ను తీసేటందుకు నడుమంత ఎత్తు కడ్డీ పెట్టు, పక్కన నిలబడి గుంజెటట్టు. మనిషి ట్రాలీకి, బండికి నడుమ పోనేవద్దు. ఖాళీ ట్రాలీలే జరపాలె. నిండుది ట్రాక్టరే గుంజాలె, ఎంతసేపైనా ఆగనీ. దిగుడు ఉన్నకాడ అసలే వద్దు."

నేను జేబులోని చిన్న పుస్తకంలో గీసుకున్నాను. అతను నా గీతలు చూసి ఒకచోట సరిదిద్దాడు. లేచి వస్తుంటే, "చాయ్ తాగిపో" అనలేదు. నేను ఎదురుచూడనూ లేదు.

అతను చెప్పింది చెప్పినట్టు చేశాను. వారం పట్టింది. మొదటి రోజు పిన్ను నేనే తీశాను, పక్కన నిలబడి, కడ్డీ పట్టుకుని. అది ఇప్పటికీ అక్కడ పనిచేస్తోందని విన్నాను.

ఆ మధ్యలోనే పెద్దమందడి కూడా వెళ్లొచ్చాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడకు సిలువ, దాని కింద కొత్త చంకకర్రలు. భార్య నీళ్లిచ్చింది. ఆయనకూ అన్నీ చెప్పాను. ఉక్కు గురించి, పగులు గురించి. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నాకేం ఎర్క సారూ, వెల్డింగ్ సంగతి. పిన్ను తియ్యమన్నరు, తీసిన" అన్నాడు.

భార్య మాత్రం, "ఈ మాట ఆఫీసుల చెప్పినవా సారూ?" అని అడిగింది. చెప్పలేదన్నాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

చెప్పే రోజు అనుకోకుండా వచ్చింది. నా రిటైర్మెంట్‌కు నెల ముందు హెడ్డాఫీసు నుంచి నలుగురు పెద్దమనుషులు చూడటానికి వచ్చారు. మేనేజర్ వాళ్లకు ఆ తొడుగు చూపించాడు. పసుపు రంగు వేయించి, పక్కన నన్ను నిలబెట్టాడు. ట్రాలీని జరిపి చూపించారు. వాళ్లలో పెద్దాయన చాలా మెచ్చుకుని, అన్ని ఊళ్లలో ఇదే పెట్టాలన్నాడు. "ఎవరి ఆలోచన?" అని అడిగాడు.

"మా మేస్త్రీదే సార్" అన్నాడు మేనేజర్.

నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నాది కాదు సార్. మీరు పనిలోంచి తీసేసిన డ్రైవర్ది. నాది దీనికి ముందున్నది. ఫోర్కు మీద వెల్డింగ్ చేశాను. అతను వద్దన్నాడు, వినలేదు. అది విరిగే ఇక్కడి హమాలీ కాలు పోయింది. తనిఖీలో అడిగితే చెప్పలేదు."

హమాలీలు పని ఆపి చూస్తున్నారు. పెద్దాయన మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ జల్లెడ షెడ్డు వైపు దారి చూపించాడు. అందరూ అటు నడిచారు.

మర్నాడే నేను ఆ మాటలన్నీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఒకటి ఆఫీసులో, ఒకటి తనిఖీ అధికారికి ఇచ్చాను. నాకు శిక్ష పడుతుందేమోనని చూశాను. పడలేదు. రిటైరయ్యే రోజు అందరితో పాటు నాకూ ఒక శాలువా కప్పారు, కప్పినవాళ్లు నా మొహం చూడలేదు. రెండు నెలల తర్వాత పెద్దమందడి ఆయనకు రావలసిన పరిహారం వచ్చిందని తెలిసింది. కోడేరు అతన్ని తిరిగి పనిలోకి రమ్మని ఉత్తరం పంపారట. జవాబు రాలేదంటే నేనే వెళ్లాను.

ఇంటికి తాళం ఉంది. పక్కింటామె చెప్పింది: పంట ఎండిపోయింది, తల్లి పోయింది, భార్యను తీసుకుని మళ్లీ ముంబై వెళ్లిపోయాడు. ఆమె దగ్గర నంబర్ తీసుకుని అక్కడే వీధిలో నిలబడి ఫోన్ చేశాను.

ఉత్తరం సంగతి చెప్పాను. నేను ఆఫీసులో అన్నీ చెప్పానని కూడా చెప్పాను. అవతల గోదాము చప్పుళ్లు వినిపిస్తున్నాయి.

"చెప్పినవా? మంచిదన్నా." ఎవరికో పక్కకు జరగమని హిందీలో చెప్పి మళ్లీ అందుకున్నాడు. "నేను ఇక రాను. ఇల్లు ఇడిసిపెట్టి వచ్చిన. అమ్మ పోయినంక ఆడ నాకేముంది?"

"తమ్మీ, నన్ను..."

"ఒక్కటి అడుగుత. ఆ దినం నిన్ను చూసిన. చూసినవు గద నువ్వు గూడ. అప్పుడెందుకు చెప్పలే?"

నా దగ్గర కారణాలున్నాయి. రిటైర్మెంట్, పేరు, భయం. బస్సులో వచ్చేటప్పుడు అన్నీ వరసగా పెట్టుకునే వచ్చాను. అవతల బండి వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారన్ మొదలైంది.

"సరే అన్నా, పెడుతున్న. బండి ఎన్కకు తియ్యాలె, మనుషులున్నరు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు. అదే నంబర్‌కు తర్వాత రెండుసార్లు చేశాను. మోగింది, ఎత్తలేదు. మూడోసారి చేయలేదు.